వెలుగును దాచే విద్య

అగ్గిపెట్టె ఇంటింటికీ చేరని కాలంలో తెలుగు ఇల్లాలు రాత్రి వంట ముగియగానే పొయ్యిలోని నిప్పుకణికల మీద బూడిద కప్పేది. తెల్లవారుజామున ఆ నివురును మెల్లగా తొలగించి, పిడక ముక్క ఆనించి, ఊది, మంట రగిలించేది. ‘నివురుగప్పిన నిప్పు’ అన్న నుడికారం ఆ నిత్యకృత్యాన్నే గుర్తుచేస్తుంది. గాదెలో ధాన్యాన్ని, బూడిద కలిపిన కుండలో విత్తనాన్ని, జాడీలో ఊరగాయను ఏడాది పొడవునా చెడకుండా కాపాడిన నేర్పు కూడా ఆమెదే. దొరికినప్పుడు దాచుకొని, అవసరమైనప్పుడు వాడుకోవడమన్న ఆ సూత్రమే నేడు శక్తి నిల్వ అనే మహాశాస్త్రానికి ఆధారం. అయితే ఆ శాస్త్రం పెరుగుతున్న ప్రయోగశాలలలో స్త్రీకి దక్కిన చోటు మాత్రం ఇంకా ఇరుకుగానే ఉంది. ఈ కొరతకు కారణం ఆమె ప్రతిభలో లేదు. ఆమె పని మధ్యలో తెగిపోకుండా కాపాడే ఏర్పాటు సమాజంలో లేకపోవడమే అసలు కారణం.

శక్తిని నిల్వచేయవలసిన అవసరం నానాటికీ పెరుగుతున్నది. బొగ్గును కుప్పపోసి ఎప్పుడు కావాలంటే అప్పుడు మండించవచ్చు. సూర్యరశ్మిని అలా కుప్పపోయలేము. కర్నూలు ప్రాంతంలో 2017లో పూర్తయిన వెయ్యి మెగావాట్ల సౌరవిద్యుత్ క్షేత్రం మధ్యాహ్నం పుష్కలంగా విద్యుత్తునిస్తుంది. కాని ఇళ్లలో దీపాలు వెలిగేది సూర్యుడు అస్తమించిన తరువాత. పగటి విద్యుత్తును రాత్రికి అందించగలిగినప్పుడే సౌరశక్తి బొగ్గుకు నిజమైన ప్రత్యామ్నాయమవుతుంది.

అందుకు మార్గాలు పలు విధాలు. విద్యుత్తు మిగులుగా ఉన్నప్పుడు నీటిని ఎగువ జలాశయానికి తోడి, అవసరమైనప్పుడు కిందికి వదిలి విద్యుత్తును తిరిగి పొందడం ఒక మార్గం. నాగార్జునసాగర్‌లోనూ, శ్రీశైలం ఎడమగట్టు విద్యుత్కేంద్రంలోనూ ఇలా రెండు విధాలా పనిచేయగల యంత్రాలున్నాయి. ఉష్ణాన్ని లవణాలలో దాచడం మరొక మార్గం. అందరికీ పరిచితమైనది మూడవ మార్గం, బ్యాటరీ. అందులో ఋణధ్రువం, ధనధ్రువం, వాటి నడుమ విద్యుద్విశ్లేష్యం ఉంటాయి. లిథియం అయాన్ బ్యాటరీని ఛార్జి చేసినప్పుడు లిథియం అయాన్లు ధనధ్రువం నుండి ఋణధ్రువానికి తరలుతాయి. వాడుకొనేటప్పుడు అవి తిరుగుప్రయాణం చేస్తాయి. ఆ రాకపోకలు వేలసార్లు జరిగినా ధ్రువాల నిర్మాణం చెడిపోకుండా చూడటమే పరిశోధకులకు అసలు పరీక్ష.

ఈ పరిశోధనకు ఒక ప్రత్యేక లక్షణముంది. ఇది ఒక్క రాత్రిలో తేలే విద్య కాదు. కొత్త పదార్థాన్ని కనుగొన్న రోజున పని ముగియదు, అప్పుడే మొదలవుతుంది. దానిని వందల, వేల పర్యాయాలు ఛార్జి చేసి, ఖాళీ చేసి, ప్రతి దశలో కొలతలు తీసుకోవాలి. వేడిమికి ఏమవుతుందో, తేమ తగిలితే ఏమవుతుందో, ఏళ్లు గడిచాక శక్తి ఎంత తరుగుతుందో గమనించాలి. ప్రయోగశాలలో గరిటెడు పొడిగా పుట్టిన పదార్థం కర్మాగారానికి చేరడానికి పది, ఇరవై ఏళ్లు పట్టడం సాధారణం. ఈ రంగంలో మేధకు ఎంత విలువ ఉందో, ఎడతెగని కొనసాగింపుకూ అంతే విలువ ఉంది. ఈ విషయాన్ని మూడు దేశకాలాలకు చెందిన ముగ్గురు మహిళల చరిత్రలు స్పష్టం చేస్తాయి.

మొదటి వ్యక్తి మరియా టెల్కెస్. ఆమె 1900లో హంగరీ దేశంలోని బుడాపెస్ట్ నగరంలో జన్మించింది. భౌతిక రసాయనశాస్త్రం చదివి అమెరికాకు వలస వెళ్లి, 1939లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో సౌరశక్తి పరిశోధనలో చేరింది. సూర్యుని వేడిని రాళ్లలోనో నీటిలోనో దాచాలని ఇతరులు ప్రయత్నిస్తున్న కాలంలో ఆమె దృష్టి గ్లాబర్ లవణం మీద నిలిచింది. ఈ లవణం సుమారు 32 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది. కరిగేటప్పుడు చాలా వేడిని తనలో ఇముడ్చుకొంటుంది, తిరిగి గడ్డకట్టేటప్పుడు ఆ వేడిని వదిలిపెడుతుంది. ఈ గుణాన్ని ఆధారం చేసుకొని 1948లో మసాచుసెట్స్ రాష్ట్రంలోని డోవర్‌లో ఒక ఇల్లు వెలసింది. టెల్కెస్ దాని ఉష్ణవ్యవస్థను రూపొందించగా, ఇంటి నమూనాను ఎలినార్ రేమండ్ అనే వాస్తుశిల్పి గీసింది. వ్యయాన్ని అమీలియా పీబాడీ అనే శిల్పకారిణి భరించింది. శాస్త్రం, వాస్తువు, ధనం మూడూ స్త్రీలవే అయిన ఆ ఇల్లు ఆనాడు దేశమంతటా ఆసక్తి రేకెత్తించింది.

మొదటి రెండు చలికాలాలు ఆ ఇల్లు చక్కగా పనిచేసింది. తరువాత లవణంలోని ఘన, ద్రవ భాగాలు వేరుపడి పొరలుగా పేరుకొన్నాయి. పీపాలు తుప్పుపట్టి కారసాగాయి. చివరికి ఆ ఏర్పాటును తొలగించి సాధారణమైన కొలిమిని అమర్చవలసి వచ్చింది. 1953లో టెల్కెస్ ఆ విద్యాసంస్థను వదిలి న్యూయార్క్ విశ్వవిద్యాలయానికి వెళ్లింది. అంతటితో ఆమె ఆ లవణాన్ని మరచిపోలేదు. 1970ల నాటికి, డెబ్బై ఏళ్లు పైబడిన వయస్సులో, డెలావేర్ విశ్వవిద్యాలయంలో ఉంటూ లవణం పొరలుగా విడిపోకుండా చిక్కబరచే మిశ్రమాన్ని రూపొందించి పేటెంట్ పొందింది. దశ మారే పదార్థాలలో ఉష్ణాన్ని దాచే పద్ధతి నేడు భవన నిర్మాణంలో గౌరవనీయమైన శాఖ. విఫలమైన ప్రయోగాన్ని సరిదిద్దుకొనే అవకాశం లభించడానికి ఆమెకు పాతికేళ్లు పట్టింది. విజ్ఞానశాస్త్రంలో వైఫల్యం సహజం. దానిని సరిచేయడానికి రెండవ అవకాశం ఎంత త్వరగా లభిస్తుందన్నదే పరిశోధకుల భవితవ్యాన్ని నిర్ణయిస్తుంది.

రెండవ వ్యక్తి ఎస్తర్ టకేయుచి. లాత్వియా నుండి శరణార్థులుగా అమెరికా చేరిన దంపతులకు ఆమె 1953లో జన్మించింది. 1981లో ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయం నుండి రసాయనశాస్త్రంలో డాక్టరేట్ పొంది, 1984లో గ్రేట్‌బ్యాచ్ అనే వైద్య బ్యాటరీల సంస్థలో చేరింది. ఆనాడు వైద్యుల ముందు ఒక చిక్కు ఉండేది. కొందరి గుండె ఉన్నట్టుండి ప్రాణాంతకంగా లయ తప్పుతుంది. ఛాతీలో అమర్చిన చిన్న పరికరం ఆ సంగతి గుర్తించి విద్యుదాఘాతంతో గుండెను తిరిగి లయలోకి తేవాలి. అందులోని బ్యాటరీ ఏళ్ల తరబడి అతి స్వల్పమైన విద్యుత్తుతో కాపలా కాయాలి. ఆపద వచ్చిన మరుక్షణం కొద్ది సెకన్లలోనే బలమైన శక్తిని అందించాలి. పరిమాణం మాత్రం అరచేతిలో ఇమిడేదానికన్నా చిన్నది కావాలి. బ్యాటరీ త్వరగా అయిపోతే రోగికి మళ్లీ శస్త్రచికిత్స తప్పదు.

లిథియంతో పాటు వెండి, వెనేడియం ఆక్సైడ్ పదార్థాన్ని వాడి టకేయుచి బృందం ఈ పరస్పర విరుద్ధమైన లక్షణాలన్నిటినీ ఒకచోట చేర్చింది. అటువంటి బ్యాటరీ సుమారు అయిదేళ్లు పనిచేయగలిగింది. ఎంత శక్తి మిగిలి ఉందో వైద్యులు ముందుగా గుర్తించే వీలు కూడా దానిలో ఉంది. ప్రపంచవ్యాప్తంగా లక్షలాది రోగులకు ఆ పరికరం ప్రాణరక్షణ కల్పించింది. ఆమె పేరిట 150కి పైగా పేటెంట్లు నమోదయ్యాయి. 2009లో అమెరికా అధ్యక్షుడు బరాక్ ఒబామా ఆమెకు జాతీయ సాంకేతిక, నవకల్పనా పతకాన్ని బహూకరించాడు. 2018లో ఐరోపా ఆవిష్కర్తల పురస్కారమూ ఆమెను వరించింది. ఈ కీర్తి వెనుక ఉన్న ఒక సంగతిని విస్మరించరాదు. ఒకే సంస్థలో, ఒకే శాస్త్రసమస్య చుట్టూ ఆమె ఇరవై రెండేళ్లకు పైగా పనిచేసింది. రసాయనశాస్త్ర ఆచార్యుడైన భర్త తరువాతి కాలంలో ఆమె పరిశోధనలో భాగస్వామి అయ్యాడు. ఆ ఇంట్లో ఆమె ఉద్యోగానికి ఉన్న విలువను ఈ విషయమే తెలుపుతుంది.

మూడవ వ్యక్తి తెలుగు విద్యార్థులకు ఇంకా చేరువైనది. తమిళనాడులోని తిరునెల్వేలి జిల్లా అంబాసముద్రానికి చెందిన నల్లతంబి కలైసెల్వి పాఠశాల విద్యను తమిళ మాధ్యమంలో అభ్యసించింది. మాతృభాషలో చదవడం వల్లనే విజ్ఞానశాస్త్ర భావనలు తనకు స్పష్టంగా అర్థమయ్యాయని ఆమె చెప్పింది. కారైకుడిలోని కేంద్ర విద్యుద్రసాయన పరిశోధన సంస్థలో ప్రారంభ స్థాయి శాస్త్రవేత్తగా చేరి, పాతికేళ్లకు పైగా పరిశోధన సాగించింది. లిథియం అయాన్ బ్యాటరీలకు కావలసిన ధ్రువపదార్థాల తయారీ ఆమె ప్రత్యేక రంగం. 1948లో శంకుస్థాపన జరిగిన ఆ సంస్థకు 2019లో ఆమె మొదటి మహిళా డైరెక్టరు అయింది. 2022 ఆగస్టులో శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలికి డైరెక్టర్ జనరల్‌గా నియమితురాలైంది. హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ, కణ జీవశాస్త్ర సంస్థ వంటివన్నీ ఆ మండలి కిందివే. 1942లో ఏర్పడిన మండలికి మొదటి మహిళా అధిపతి రావడానికి ఎనభై ఏళ్లు పట్టింది. ఆ ఎనభై ఏళ్లలో అర్హత గల స్త్రీలు దేశంలో పుట్టలేదని ఎవరూ అనలేరు. నిచ్చెన మొదటి మెట్టు నుండి చివరి మెట్టు దాకా ఎక్కే అవకాశం వారికి లభించలేదనే చెప్పవలసి ఉంటుంది.

ఈ ముగ్గురి కథలనుండి ‘పట్టుదల ఉంటే స్త్రీ దేనినైనా సాధించగలదు’ అన్న నీతి తీయడం సులభం. అది నిజమే అయినా సగం నిజం మాత్రమే. పట్టుదల ఉన్నా మధ్యదారిలో ఆగిపోయినవారి కథలు పుస్తకాలకెక్కవు. గెలిచిన ముగ్గురిని చూపి మిగిలినవారిని నిందించడం న్యాయం కాదు.

గణాంకాలు ఈ సంగతినే తెలుపుతున్నాయి. అఖిల భారత ఉన్నతవిద్యా సర్వేక్షణ ప్రకారం 2021–22లో విజ్ఞానశాస్త్ర కోర్సులలో చేరిన విద్యార్థులలో నూటికి 52 మంది స్త్రీలే. కాని 2018 నాటి ప్రభుత్వ లెక్కలలో దేశంలోని పరిశోధన, అభివృద్ధి కార్యక్రమాలలో నేరుగా పాల్గొంటున్నవారిలో స్త్రీలు నూటికి పదిహేడుగురైనా లేరు. తరగతి గదిలో సగానికి పైగా ఉన్నవారు ప్రయోగశాలలో ఆరింట ఒక వంతుకు తగ్గిపోతున్నారు. నిండుకుండతో బయలుదేరి, ఇల్లు చేరేసరికి అడుగున చెంబెడు నీళ్లు మిగిలితే, బావిలో నీళ్లు లేవనడం తగదు. చిల్లు ఎక్కడుందో వెదకాలి.

ఆ చిల్లు ఒకచోట లేదు. డాక్టరేట్ పరిశోధన సాగే వయస్సు, వివాహ వయస్సు, మాతృత్వ వయస్సు దాదాపు ఒకే కాలంలో వస్తాయి. భర్తకు వేరే ఊరికి బదిలీ అయితే సర్దుకొని పోవలసిన బాధ్యత ఎక్కువ కుటుంబాలలో భార్యదే. మూడేళ్లకో అయిదేళ్లకో ముగిసే తాత్కాలిక పదవిలో ఉన్న పరిశోధకురాలు ఒక ఏడాది విరామం తీసుకొంటే, తిరిగి వచ్చేసరికి ఆమె చోటు ఉండదు. ఇంతలో ఆమె పరీక్షిస్తున్న పదార్థం మీద మరొక బృందం ఫలితాలు ప్రకటించి ఉంటుంది. వయోపరిమితి దాటిపోయి ఉంటుంది. ఏళ్ల తరబడి సాగవలసిన పరీక్షలున్న శక్తి నిల్వ రంగంలో ఈ విరామం చేసే నష్టం మరింత తీవ్రం.

దీనికి కొందరు అభ్యంతరాలు చెబుతారు. ప్రతిభకు స్త్రీపురుష భేదం లేనప్పుడు స్త్రీల గురించి ప్రత్యేకంగా మాట్లాడటమెందుకని మొదటి ప్రశ్న. ప్రతిభకు భేదం లేదు, నిజమే. ఆ ప్రతిభ పనిచేయవలసిన పరిస్థితులలో మాత్రం భేదం ఉంది. పరుగుపందెంలో ఒకరి కాలికి బరువు కట్టి, నియమాలు అందరికీ సమానమని ప్రకటించడం సమానత్వం కాదు. రసాయనాలతో, రాత్రివేళ ప్రయోగాలతో కూడిన ఈ పని స్త్రీలకు తగదన్నది రెండవ అభ్యంతరం. మండే ద్రావణులు, విషవాయువులు పురుషులను చూసి జాలిపడవు. ప్రయోగశాలలో రక్షణ లేకపోతే అది అందరికీ ప్రమాదమే. రాత్రివేళ భద్రమైన వాహనం కల్పించడం సంస్థ బాధ్యత. ఆ బాధ్యతను నెరవేర్చడం మాని అమ్మాయిని ఇంటికి పంపివేయడం పరిష్కారం కాజాలదు.

మూడవ వాదన తల్లిదండ్రులది. అది కొట్టివేయదగినది కాదు. ఇంటర్మీడియట్‌లో గణిత, భౌతిక, రసాయనశాస్త్రాలలో మంచి మార్కులు తెచ్చుకొన్న కుమార్తెను వారు త్వరగా ఉద్యోగం దొరికే చదువుకు పంపాలనుకొంటారు. పరిశోధనలో ముప్పై ఏళ్లు దాటినా స్థిరమైన జీతం ఉండదని వారి భయం. అప్పు చేసి చదివించే కుటుంబానికి ఆ భయం సహజం. దానిని తీర్చవలసింది ఉపన్యాసాలతో కాదు. సకాలంలో అందే పరిశోధక వేతనం, స్పష్టమైన ఉద్యోగమార్గం కనిపించినప్పుడే తల్లిదండ్రుల మనస్సు మారుతుంది.

కొన్ని మంచి ప్రయత్నాలు జరిగాయి. మధ్యలో పని ఆపవలసి వచ్చిన మహిళా శాస్త్రవేత్తలను తిరిగి పరిశోధనకు రప్పించడానికి కేంద్ర విజ్ఞాన, సాంకేతిక శాఖ 2002–03లో ఒక పథకం ప్రారంభించింది. 2016 నాటి విశ్వవిద్యాలయ నిధుల సంఘం నిబంధనలు పరిశోధక విద్యార్థినులకు 240 రోజుల వరకు ప్రసూతి, శిశుసంరక్షణ సెలవు పొందే వీలును, డాక్టరేట్ పూర్తిచేయడానికి రెండేళ్ల అదనపు గడువును కల్పించాయి. 2017లో సవరించిన ప్రసూతి ప్రయోజనాల చట్టం వేతనంతో కూడిన సెలవును 26 వారాలకు పెంచింది. యాభై లేదా అంతకన్నా ఎక్కువమంది ఉద్యోగులున్న సంస్థలో శిశుసంరక్షణ కేంద్రం ఉండాలని ఆదేశించింది.

అయితే సెలవు ఇవ్వడంతోనే బాధ్యత తీరదు. పరిశోధకురాలు లేని కాలంలో ఆమె ప్రయోగాన్ని కొనసాగించే సహాయకులుండాలి. ఆమె తిరిగి వచ్చినప్పుడు పరికరాలు, నిధులు, స్థానం ఆమెవిగానే ఉండాలి. ప్రతి పెద్ద ప్రయోగశాల ఆవరణలో శిశుసంరక్షణ కేంద్రం కాగితం మీద కాక గోడలతో, ఆయాలతో కనిపించాలి. విరామకాలాన్ని వయోపరిమితి లెక్క నుండి మినహాయించాలి. ప్రయోగం చేసినవారి పేరు పరిశోధనపత్రంలో, పేటెంటులో తగిన స్థానంలో ఉండేలా చూడాలి. ఇవి అసాధ్యమైన కోరికలు కావు. ఒక ఖరీదైన పరికరానికయ్యే వ్యయంలో కొంత భాగంతో వీటిలో ఎన్నో అమలుచేయవచ్చు.

తెలుగునాట ఈ విషయానికి ప్రత్యేక ప్రాధాన్యముంది. తిరుపతి చెంత కరకంబాడిలో బ్యాటరీల పరిశ్రమ ఏనాడో వేళ్లూనింది. మహబూబ్‌నగర్ సమీపాన దివిటిపల్లిలో లిథియం బ్యాటరీల కర్మాగారానికి 2023లో శంకుస్థాపన జరిగింది. ఈ పరిశ్రమలలో ఆడపిల్లలు పెట్టెలు అతికే వరుసలోనే నిలవాలా, కొత్త పదార్థాలను కనుగొనే గదిలో కూడా కూర్చోవాలా అన్నది నేటి కళాశాలలలోనే తేలుతుంది.

2019లో లిథియం అయాన్ బ్యాటరీల అభివృద్ధికి రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. గ్రహీతలు జాన్ గుడెనఫ్, స్టాన్లీ విట్టింగ్‌హామ్, అకిరా యొషినో ముగ్గురూ పురుషులే. వారి ఘనతను ఎవరూ తక్కువ చేయలేరు. కాని వారి కృషి ప్రధానంగా 1970, 1980 దశకాల నాటిది. నేడు అందే బహుమతి నలభై ఏళ్ల కిందట ప్రయోగశాల తలుపు ఎవరికి తెరిచి ఉండేదో చెబుతుంది. నలభై ఏళ్ల తరువాతి బహుమతి నేడు ఆ తలుపు ఎవరికి తెరిచామో చెబుతుంది. ఇంటర్మీడియట్ రసాయనశాస్త్ర ప్రయోగశాలలో ఈ ఏడాది పరీక్షనాళిక పట్టుకొన్న విద్యార్థిని ఆ నలభై ఏళ్లూ అదే పనిలో నిలవగలిగితే, పగటి సూర్యుణ్ణి రాత్రికి దాచే విద్యలో ఆమె పేరు కూడా ఉంటుంది. ఆమెను నిలబెట్టవలసిన బాధ్యత ఆమె ఒక్కదానిది కాదు. ఆమె కుటుంబానిది, కళాశాలది, ఆమె కనుగొన్న దీపం కింద చదువుకోబోయే సమాజానిది.